చక్రమా, త్రిశూలమా, వేలాయుధమా: ఆయుధ పతకం ఎంచుకునే ముందు

మా అక్క కూతురు ఫోనులో నాలుగు ఫొటోలు పంపింది. మొదటిది వెండి త్రిశూలం. రెండోది చుట్టూ జ్వాలలున్న చక్రం. మూడోది తమలపాకును నిలువుగా సాగదీసినట్టున్న వేలాయుధం. నాలుగోది బంగారు కట్టు వేసిన పులిగోరు. "పిన్నీ, బాబు అన్నప్రాశన దగ్గర పడింది. వాడికి ఒకటి, మా ఆయనకు ఒకటి చేయిద్దామనుకుంటున్నాం. ఏది మంచిది?" అని అడిగింది. నాలుగోది వెంటనే పక్కన పెట్టమన్నాను, కారణం తర్వాత చెబుతాను. మిగిలిన మూడింటి గురించి మాట్లాడుకునేసరికి గంట దాటింది. ఇలాంటి ప్రశ్నే ఇంకా ఎందరికో ఉంటుందనిపించి ఆ గంట మాటలను ఇక్కడ రాస్తున్నాను.

మెడలో ఆయుధమేమిటి, అది చేతిలో ఉండాల్సింది కదా అని కొందరు వింతగా చూస్తారు. విష్ణుపురాణం మొదటి అంశంలో, అంటే మొదటి భాగంలో, 22వ అధ్యాయానికి అస్త్రభూషణాధ్యాయం అనే పేరుంది. స్వామి ధరించే ఆయుధాలనూ ఆభరణాలనూ అక్కడ ఒకే వరుసలో చెబుతారు. కౌస్తుభం జీవాత్మ, గద బుద్ధి, గాలిని మించిన వేగంతో తిరిగే చక్రం మనస్సు, ఖడ్గం విద్య, ఆ ఖడ్గాన్ని దాచే ఒర అవిద్య. కత్తికి అర్థం చెప్పినవారు చాలామంది ఉంటారు కానీ ఒరకు కూడా అర్థం చెప్పిన ఈ చోటు నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. ఆయుధాన్ని నగగా చూడటం నిన్న మొన్న దుకాణాలవాళ్ళు కనిపెట్టింది కాదని చెప్పడానికే ఇదంతా.

ఇంకో చిన్న తేడా ముందే తెలుసుకుంటే మంచిది. తాయెత్తు అంటే లోపల మంత్రం రాసిన రేకునో, మూలికనో పెట్టి మూసిన గొట్టం. రక్షరేకు అంటే యంత్రం గీసిన రేకు. పతకానికి లోపల దాచింది ఏమీ ఉండదు, దాని ఆకారమే దాని మాట. అందువల్ల పతకం ఎంచుకోవడమంటే ఆకారం ఎంచుకోవడమే. ఆ ఆకారం రోజుకు ఇరవైనాలుగు గంటలు ఒంటిని తాకుతూ ఉంటుంది కాబట్టి అర్థమెంత ముఖ్యమో అంచులూ అంతే ముఖ్యం.

చక్రం

రోజూ మెడలో ఉంచుకోవడానికైతే నా ఓటు చక్రానికే. గుండ్రంగా ఉంటుంది, ఎటు తిరిగినా తలకిందులు కాదు, బట్టలకు పట్టుకోదు. అర్థం చూసినా రక్షకు ఇంతకంటే దగ్గరి ఆయుధం లేదు. అంబరీషుడి కథ గుర్తు చేసుకోండి. దుర్వాసుడు కోపంతో కృత్య అనే క్షుద్రశక్తిని పుట్టించి రాజు మీదికి పంపితే, ఆయన చేతులు జోడించి నిలబడ్డాడే తప్ప కాపాడమని అడగలేదు. చక్రం తనంత తానే వచ్చి కృత్యను కాల్చి, ఆపైన మునిని లోకాలన్నీ తరిమింది. చివరికి అంబరీషుడే వేడుకుంటే శాంతించింది. అడగకుండా వచ్చి, అడిగితే ఆగే ఆయుధం అన్నమాట. రక్షగా కట్టుకునే వస్తువుకు ఇంతకు మించిన లక్షణం ఏముంటుంది?

తిరుమల బ్రహ్మోత్సవాల చివరి రోజు చక్రస్నానం చూసినవారికి ఇంకో సంగతి తెలుసు. అక్కడ చక్రం ఒక ఆయుధం కాదు, చక్రత్తాళ్వార్. ఆయనకు అభిషేకం చేసి పుష్కరిణిలో స్నానం చేయిస్తారు. ఆయుధాన్ని ఒక వ్యక్తిగా గౌరవించే ఈ అలవాటు ఇంట్లో ఉంటే పతకాన్ని ఎక్కడ పడితే అక్కడ విప్పి పడేయరు. అది కూడా ఎంపికలో లెక్కలోకి తీసుకోవలసిందే.

దుకాణంలో చక్రం అని అడిగితే మూడు రకాలు చూపిస్తారు. ఆకులు, అంటే చువ్వలు, మాత్రమే ఉన్న సాదా చక్రం మొదటిది. నాలుగు దిక్కులా జ్వాలలు లేచే చక్రం రెండోది. మూడోది సుదర్శన మూర్తి: ముందువైపు షట్కోణంలో పదహారు చేతుల సుదర్శనుడు, వెనుకవైపు త్రికోణంలో యోగనరసింహుడు. మూడోది అర్థంలో నిండైనది, ముందూ వెనుకా రెండు వైపులా కాపలా ఉన్నట్టే. కానీ గోరంత బిళ్ళ మీద పదహారు చేతులు చెక్కితే అవి చేతుల్లా కనిపించవు, గీతల గుంపు మిగులుతుంది. కనీసం రూపాయి బిళ్ళంత పరిమాణం లేకపోతే దాని జోలికి పోవద్దు. జ్వాలల చక్రం చూడటానికి బాగుంటుంది, అయితే జ్వాలల కొసలు వేలితో తడిమి చూసుకోండి. మిగిలింది సాదా చక్రం. నాకైతే అదే ఇష్టం.

శంఖం, నామం, చక్రం మూడూ ఉన్న బిళ్ళ తీసుకుంటే ఒకటి గమనించండి. స్వామి కుడి చేతిలో చక్రం, ఎడమ చేతిలో శంఖం. ఎదురుగా నిలబడి చూసేవారికి చక్రం ఎడమవైపు, శంఖం కుడివైపు కనిపించాలి. అచ్చు తిరగబడి పోత పోసిన బిళ్ళలు నేనే రెండు సార్లు చూశాను. దుకాణంలో కుర్రవాడికి చెబితే "అదే డిజైనండీ" అన్నాడు.

శ్రీవైష్ణవుల ఇళ్ళలో సమాశ్రయణం అనే దీక్ష అయినవారి కుడి భుజం మీద చక్రం, ఎడమ భుజం మీద శంఖం ముద్రలుగా ఉంటాయి. మాధ్వులు ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు తప్తముద్రాధారణ, అంటే కాల్చిన ముద్రలు ఒంటి మీద వేయించుకోవడం, చేయించుకుంటారు. ఒంటి మీదే చక్రం ఉన్నవారికి పతకం కేవలం నగ. వారికి కానుక ఇవ్వాలంటే ఇంకేదైనా ఆలోచించడం మేలు.

త్రిశూలం

ఈ మధ్య అందరి మెడలోనూ కనిపించేది ఇదే. మూడు మొనలకు అర్థాలు అడిగితే ఒకరు సత్త్వ రజస్ తమో గుణాలంటారు, ఒకరు ఇచ్ఛా జ్ఞాన క్రియా శక్తులంటారు, ఇంకొకరు భూత భవిష్యద్వర్తమానాలంటారు. ఏది అసలుదని వాదులాడుకోవడం దండగ. మూడింటినీ ఒక్క కాడ పట్టి నిలిపిందన్నదే అందరూ ఒప్పుకునే సంగతి.

అంతకంటే పనికొచ్చే ప్రశ్న, అది ఎవరి శూలమన్నది. డమరుకం కట్టి ఉంటే శివుడిది, సందేహం లేదు. డమరుకం లేని శూలం అమ్మవారిది కూడా. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ మహిషుడి మీద దించింది ఈ శూలాన్నే. ఊళ్ళలో గ్రామదేవత గుడి ముందు నేలలో పాతిన ఇనుప శూలానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, మొనకు నిమ్మకాయ గుచ్చుతారు. మా చిన్నప్పుడు శూలం అంటే మాకు ఆ నిమ్మకాయే గుర్తొచ్చేది. ఇంట్లో ఒకరు శివభక్తులు, ఒకరు అమ్మవారి భక్తులు అయితే డమరుకం లేని సాదా శూలం ఇద్దరికీ కుదురుతుంది.

ఇక అసలు ఇబ్బంది మొనలతోనే. ఒకసారి పెద్ద దుకాణంలో సిద్ధంగా ఉన్న వెండి త్రిశూలం కొన్నాను. రెండు రోజులకే పట్టుచీర కొంగులో పోగులు లేచాయి. మూడో రాత్రి పక్కకు ఒత్తిగిలితే గొంతు గుంట దగ్గర గీరుకుపోయింది. విసుగొచ్చి మా వీధి చివర కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన ఏమీ అడగలేదు. పతకాన్ని చిన్న పట్టకారుతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆకురాయితో ఒక్కో మొన మీద నాలుగైదు సార్లు రుద్దాడు. కుంపటి పక్కన పడి ఉన్న పాత పట్టుగుడ్డ ముక్క తీసి, దాని మీద త్రిశూలాన్ని అడ్డంగా లాగాడు. పోగు పట్టుకుంది. మళ్ళీ రుద్దాడు, మళ్ళీ లాగాడు, మళ్ళీ పట్టుకుంది. మూడోసారి గుడ్డ మీద జారిపోయింది. "మొన కంటికి కనబడాలి, ఒంటికి తగలకూడదమ్మా" అని చేతిలో పెట్టాడు. డబ్బులు పుచ్చుకోలేదు. అప్పటినుంచి ఎక్కడ కొన్నా చున్నీ అంచునో చీర కొంగునో పతకం మీదుగా ఒకసారి లాగి చూస్తున్నాను. దుకాణంవాళ్ళు చిత్రంగా చూస్తారు, చూడనివ్వండి.

కొక్కెం ఎక్కడ అతికారో కూడా చూడాలి. కాడ చివర అతికితే శూలం తలకిందులుగా వేలాడి మొనలు కింద గుండెకు గుచ్చుకుంటాయి. నడిమి మొన వెనుక అతికితే నిటారుగా నిలుస్తుంది, పైమొన కాస్త మరుగున పడుతుంది కూడా. వంగి పనిచేసేవారు, చంటిపిల్లలను ఎత్తుకునేవారు విడి త్రిశూలం కాకుండా గుండ్రటి బిళ్ళ మీద ఉబ్బెత్తుగా చెక్కించిన త్రిశూలం తీసుకోవడం ఉత్తమం. అర్థం అదే, గీతలు పడవు.

వేలాయుధం

అమ్మ పార్వతి కొడుక్కి ఇచ్చిన ఆయుధం ఇది. సంస్కృతంలో దీని పేరు శక్తి, అందుకే సుబ్రహ్మణ్యుడు శక్తిధరుడు. జ్ఞానం లోతుగా, విశాలంగా, పదునుగా ఉండాలని దాని ఆకారానికి తమిళులు చెప్పే అర్థం. పొడవాటి కాడ, నడుమ వెడల్పైన ఆకు, కొసన పదును. పరీక్షలు రాసే పిల్లలకు దీన్ని కానుకగా ఇచ్చే అలవాటు పెరగడంలో ఆశ్చర్యం లేదు.

అయితే తెలుగువాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మన వైపు సుబ్రహ్మణ్యుడిని ఎక్కువగా కొలిచేది నాగరూపంలో. మోపిదేవిలో స్వామి సర్పాకారం, నాగులచవితికి పుట్టలో పాలు. సంతానం కోసమో, దోష నివారణకో మొక్కుకునే ఇళ్ళలో పడగ బిళ్ళే ఆనవాయితీ, వేలాయుధం కాదు. చిత్తూరు వైపు సంగతి వేరు. సుబ్రహ్మణ్య క్షేత్రమైన తిరుత్తణి 1960 వరకు ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సరిహద్దు మారినా ఆడికృత్తిక పండుగకు కావడి మోసుకెళ్ళే అలవాటు ఆ జిల్లాలో మారలేదు. ఆ ఇళ్ళలో వేలాయుధం సొంత వస్తువే. మలేసియా, సింగపూర్‌లలో ఉన్న మనవాళ్ళకూ అది కొత్త కాదు. మిగతావారు ఆకారం నచ్చి తీసుకుంటామంటే తప్పేమీ లేదు, కాకపోతే "మన ఇంటి సుబ్బారాయుడు వేరు" అని బామ్మ అంటే ఆమె మాటలో న్యాయముందని తెలుసుకోండి. మొన ఒక్కటే కాబట్టి త్రిశూలమంత బాధ లేదు. పట్టుగుడ్డ పరీక్ష మాత్రం దీనికీ తప్పదు.

గద

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. హనుమద్భక్తులు, వ్యాయామశాలకు వెళ్ళే కుర్రవాళ్ళు దీన్ని ఇష్టపడతారు. సుందరకాండలో హనుమంతుడు లంకలో పట్టింది చెట్టు, స్తంభం, పరిఘ అనే ఇనుప గుదియ. ఇప్పుడు మనకు కనిపించే గుండ్రటి గద ఎక్కువగా విగ్రహాల్లోనూ బొమ్మల్లోనూ స్థిరపడింది. పతకంగా మాత్రం ఇది నిక్షేపం: మొన లేదు, గుచ్చుకోదు. బంగారం ఆదా కోసం తలను బోలుగా చేస్తారు, ఎక్కడైనా తగిలితే సొట్ట పడుతుంది. చిన్నదైనా గట్టి గద తీసుకోండి.

పిల్లలకు పంచాయుధాలు

విష్ణువు ఐదు ఆయుధాలివి: శంఖం, చక్రం, గద, ఖడ్గం, విల్లు. పాంచజన్యం, సుదర్శనం, కౌమోదకి, నందకం, శార్ఙ్గం అని వాటి పేర్లు. శంఖం ఆయుధమెలా అయిందని పిల్లలు అడుగుతారు. దాని ధ్వనికి శత్రువుల గుండెలు బద్దలయ్యాయి కాబట్టి అని చెబితే ఒప్పుకుంటారు. ఈ ఐదింటినీ ఒక బిళ్ళ మీద చెక్కి పిల్లలకు రక్షగా కట్టడం దక్షిణాదిన చాలా పాత అలవాటు. తమిళంలో దాన్ని ఐంపడైత్తాలి అంటారు. అది పెళ్ళి తాళి కాదు, పసివాడి మెడలోది. శ్రీలంకలో సింహళులు కూడా పసిపిల్లలకు పంచాయుధ పతకం వేస్తారు. మనకు ఆ ఐదింటి మీద స్తోత్రం పరిచయమే, పతకమే తక్కువగా కనిపిస్తుంది. అన్నమయ్యను నందకాంశగా చెప్పుకునే మనం నందకాన్ని పిల్లల నగల్లోంచి ఎందుకు వదిలేశామో నాకు అంతుబట్టదు.

పసిపిల్లలకు ఆయుధ చిహ్నం పెట్టాలంటే నా సలహా ఇదే. ఒక్క ఆయుధం విడిగా వేలాడకూడదు, బిళ్ళ మీద చెక్కి ఉండాలి. మెడలో వద్దు. నిద్రలో దారం బిగుసుకునే ప్రమాదముంది, చిన్న వస్తువు ఊడితే నోట్లోకి వెళ్తుంది. చేత వెన్నముద్ద పద్యంలో చిన్నికృష్ణుడికి తాయెత్తులు ఎక్కడ ఉన్నాయో గుర్తు చేసుకోండి. సందిట ఉన్నాయి, అంటే చేతి దండకు. నడుముకు బంగారు మొలతాడు ఉంది. మెడలో ఉన్నది పూలదండే. మన పెద్దలు తెలిసే కట్టారు. మొలతాడుకు గట్టిగా కుట్టిన బిళ్ళ, దాన్ని తగిలించే వలయం అతుకులు టంకంతో పూర్తిగా మూసినది తీసుకోండి.

పులిగోరు

మనిషి చేయని ఆయుధం ఇది. పులి ధైర్యం బిడ్డకు వస్తుందని, దిష్టి తగలదని కట్టేవారు. ఇప్పుడు అది నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో, ఉంది. గోరు అమ్మినా కొన్నా, ధ్రువపత్రం లేకుండా దగ్గర ఉంచుకున్నా కేసు పెడతారు, మూడేళ్ళకు తక్కువ కాని జైలుశిక్ష పడవచ్చు. 2023లో కర్ణాటకలో ఒక టీవీ కార్యక్రమంలో పాల్గొన్న వ్యక్తి మెడలో పులిగోరు కనిపించి అరెస్టయ్యాడు. తాతలనాటిది పెట్టెలో ఉంటే అటవీ శాఖకు అప్పగించండి. "అసలుదే, అడవినుంచి తెచ్చాం" అని ఎవరైనా అమ్మజూపితే రెండు అవకాశాలే ఉన్నాయి. అబద్ధమైతే మోసం, నిజమైతే జైలు. గోరు ఆకారమే కావాలంటే బంగారంతో చేయించుకోవచ్చు, అది చూడటానికీ బాగుంటుంది.

మరొకరి ఆయుధం

సిక్కులకు కృపాణం నగ కాదు, మత విధి. రాజ్యాంగం 25వ అధికరణ వివరణలోనే దాని ప్రస్తావన ఉంది. షియాలు ఇమాం అలీ ఖడ్గమైన జుల్ఫికర్‌ను రెండు మొనలతో పతకంగా వేసుకుంటారు. ఆకారం అందంగా ఉందని మనం కొనుక్కోవడమో, ఆ ఇంటివారికి మనమే కానుకగా ఇవ్వడమో చేసేముందు వారినే ఒక మాట అడగడం మర్యాద.

కొనేచోట

22 క్యారెట్ల బంగారం, అంటే 916, మెత్తన. బిళ్ళకూ చక్రానికీ అదే మంచిది. సన్నటి మొనలున్న శూలం, వేలాయుధం అందులో చేస్తే వంగిపోతాయి. వాటికి 18 క్యారెట్లు, అంటే 750 గట్టిగా నిలుస్తుంది. హాల్‌మార్క్ పక్కన ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని భారత ప్రమాణాల సంస్థవారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఉంది. రెండు గ్రాములలోపు వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. పిల్లల బిళ్ళలు, చిన్న శూలాలు చాలావరకు ఆ లోపే ఉంటాయి. కాబట్టి నమ్మకమైన చోట చేయించుకోండి, లేదా బరువు రెండు గ్రాములు దాటేలా చూసుకోండి. రాళ్ళు పొదిగితే రాళ్ళ బరువు తీసేసి బిల్లు వేయమనండి. తరుగు, మజూరీ విడివిడిగా అడగండి. మూడు గ్రాముల పతకానికి ఇరవై శాతం తరుగు అంటే 0.6 గ్రాముల బంగారం ధర అదనంగా ఇచ్చినట్టే.

వెండి అయితే 925 చాలు, చెమటకు నల్లబడుతుంది, తుడిస్తే పోతుంది. పంచలోహంలో ఏ లోహం ఎంత ఉండాలో ఒక్కో చోట ఒక్కో లెక్క, దానికి హాల్‌మార్క్ లేదు, కాబట్టి ఎక్కువ ధర పెట్టవద్దు. శక్తి నింపిన పతకమని పదింతలు చెప్పేవారి దగ్గర లోహం ధరకు మించి ఒక్క రూపాయి ఇవ్వవద్దు. పూజ చేయించుకోవాలంటే మీ ఇంటి పురోహితుడున్నారు, మీ ఊరి గుడి ఉంది.

మా అక్క కూతురు చివరికి భర్తకు సాదా చక్రం తీసుకుంది. ఆయన రోజూ మోటారు సైకిలు మీద తిరుగుతాడు, హెల్మెట్ పట్టీకి ఏదీ తగులుకోకూడదు. బాబుకు మా కంసాలితోనే రెండు గ్రాములు దాటిన పంచాయుధాల బిళ్ళ చేయించాం. అంత చిన్నచోట ఐదూ పట్టించడానికి ఆయన వారం తీసుకున్నాడు. శార్ఙ్గం కొంచెం కొడవలిలా వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. మొన్న స్నానానికి మొలతాడు విప్పి పక్కన పెడితే వాడు అందుకుని నోట్లో పెట్టుకున్నాడట. తల్లి చూసి లాక్కునేలోపే చక్రం అంచున రెండు పాలపళ్ళ గాట్లు పడ్డాయి.